సందుకు తగిన సంధి

ఇల్లు కట్టే మేస్త్రీని అడిగి చూడండి. గోడ కట్టడం కష్టం కాదు, తలుపు నిలబెట్టడం కష్టం అంటాడు. గోడ ఒకసారి నిలిచిందంటే దాని పని అయిపోయింది. తలుపు అట్లా కాదు. రోజుకు నూరుసార్లు కదలాలి. కదిలిన ప్రతిసారీ తిరిగివచ్చి తన చోట తాను బుద్ధిగా కూర్చోవాలి. గాలినీ వాననూ లోపలికి రానివ్వకూడదు. అయినా చంటిపిల్ల తోస్తే తెరుచుకోవాలి. గట్టిగా పట్టుకోమనీ, తేలిగ్గా వదలమనీ ఒకే నోటితో ఆజ్ఞాపించే యజమాని దగ్గర కొలువు చేస్తున్నది పాపం, తలుపు.

ఇంటి తలుపులతో మనం ఎట్లాగో సర్దుకుపోతాం. వానాకాలంలో చెక్క ఉబ్బితే వడ్రంగి వచ్చి చిత్రిక పడతాడు. ఎండాకాలంలో అడుగున సందు తేలితే ఒక గోనెపట్టా పడేస్తాం. కారు తలుపుతో ఈ సర్దుబాటు కుదరదు. ఇల్లు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వానకు ఎదురు పరుగెత్తదు గనక.

అందుకని కారు తలుపుకూ, అది వచ్చి ఆనుకొనే రేకు అంచుకూ మధ్య ఒక రబ్బరు పట్టీ వుంటుంది. దుకాణంలో డోరు బీడింగు అంటారు. డోరు రబ్బరు అని అడిగినా ఇస్తారు. కొత్త కారున్నవాళ్ళు దానివైపు చూడనైనా చూడరు. కారుకు యాభయ్యేళ్ళు దాటాక మాత్రం ఇంజనుకంటె, టైర్లకంటె యజమానిని ఎక్కువ వూళ్ళు తిప్పేది ఈ పట్టీయే.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాళ్ళకు కారు రబ్బరుతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. నన్నడిగితే ఇది మా శాఖకు చెందిన విషయమే. రెండు మాటలు దగ్గరికి వచ్చినప్పుడు మధ్య సందు లేకుండా చేసేదాన్ని మేము సంధి అంటాం. ఒక అక్షరం వచ్చి పక్కన చేరితే ఆగమం. వచ్చి, వున్నదాన్ని లేవగొట్టి, దాని పీటమీద తాను కూర్చుంటే ఆదేశం. ఆగమం చుట్టంలా వస్తుందనీ, ఆదేశం శత్రువులా వస్తుందనీ పాతకాలపు పంతుళ్ళు చెప్పేవారు. పాత రబ్బరు పీకి కొత్త రబ్బరు వేయడం అచ్చంగా ఆదేశమే. వచ్చి కూర్చున్నది నిజంగా శత్రువు కాకుండా చూసుకోవడమే ఇందులోని కిటుకంతా.

హయత్‌నగర్ ఊరు మీలో చాలామంది బస్సు కిటికీలోంచి చూసే వుంటారు. హైదరాబాదునుంచి బెజవాడ పోయే దారిమీద వున్నది. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండనుంచి బందరు రేవుకు పోయే బాటసారులు దిగేందుకు ఇక్కడ మసీదూ, దాని చుట్టూ సత్రపు గదులూ కట్టించారు. హయత్ బక్షీ బేగం పేరుమీదనే వూరికి ఆ పేరు వచ్చింది. అప్పుడు గుర్రాలకూ ఎద్దులకూ నీళ్ళు పెట్టిన వూరు. ఇప్పుడు పక్కనే ఆటోనగర్ వెలిసి లారీలకు మరమ్మతులు చేస్తున్నది. ప్రయాణానికి అలసిన వాటిని బాగుచేయడం ఈ చుట్టుపక్కల మట్టిలోనే వున్నట్టుంది.

ఈ వూళ్ళో మా వీధిలో ఒక ఫిజిక్సు లెక్చరరు వున్నారు. వారి తండ్రిగారు 1966లో మద్రాసులో కొన్న స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఇంకా వారి పెరట్లో వున్నది. రెండు తలుపుల బండి. తండ్రి పోయారు. ఎనభై దాటిన తల్లి వున్నది. అన్నదమ్ములు ముగ్గురు. పోయిన వానాకాలంలో కారు అడుగు రేకు తుప్పుపట్టి, డ్రైవరు కాలికింద రూపాయి బిళ్ళంత కన్నం పడ్డది. రేకు అతికించారు. అప్పుడు అన్నదమ్ములు ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. మరొక్క వానాకాలం చూద్దాం, మళ్ళీ లోపలికి నీళ్ళు వస్తే బండిని తూకానికి ఇచ్చేద్దాం అని. తల్లి ఆ మాటకు అవుననలేదు, కాదనలేదు. సాయంత్రంవేళ కాసేపు వెళ్ళి ఆ కారులో ముందు సీటులో కూర్చుని వచ్చేదట. పెద్దవాళ్ళ అభిప్రాయాలు ఒక్కొక్కసారి ఇట్లాగే తెలుసుకోవాలి.

ఆ కారు కథ కొంచెం చెప్పాలి. చెప్పకపోతే రబ్బరు కథ అర్థం కాదు.

ఇంగ్లండులో కొవెంట్రీ నగరంలోని స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీ 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ అనే కారును విడుదల చేసింది. రూపం గీసినవాడు మిచెలోత్తి అనే ఇటలీ దేశస్థుడు. ఆ రోజుల్లో తక్కిన కంపెనీలు బాడీ అంతా ఒకే పెట్టెలాగా పోతపోసినట్టు చేస్తుంటే, వీళ్ళు మాత్రం కింద ఛాసిస్ వేరుగా చేసి దానిమీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. సరదాకు చేసిన పని కాదది. వీళ్ళకు బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్‌లో అనే సంస్థను 1953లో పోటీదారైన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ కొనేసింది. దానితో ఒక్కొక్క ముక్క ఒక్కొక్క చోట చేయించుకుని తెచ్చి కలుపుకోవలసి వచ్చింది. కష్టంలోంచి పుట్టిన ఉపాయం. దాని మంచి దానికున్నది. బానెట్టు మొత్తం ముందుకు పడిపోతుంది. మెకానిక్కు చక్రంమీద కూర్చుని తీరిగ్గా ఇంజను చూసుకోవచ్చు. పైకప్పు కూడా బోల్టులు విప్పితే ఊడివస్తుంది. 25 అడుగుల వలయంలో బండి తిరుగుతుంది. మన సందుగొందులకు ఇంతకంటె ఏం కావాలి!

అయితే ముక్కలు ఎక్కువైతే అతుకులు ఎక్కువ. అతుకులు ఎక్కువైతే రబ్బర్లు ఎక్కువ. సమాసం ఎంత పెద్దదైతే సంధులు అన్ని వుంటాయి. హెరాల్డ్ కారుకు వాన అంటే భయం పుట్టుకతోనే వచ్చింది.

1961నుంచి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు దీన్ని 948 సి.సి. ఇంజనుతో స్టాండర్డ్ హెరాల్డ్ పేరున తయారుచేశారు. తరవాత మనకోసమే నాలుగు తలుపుల బండి కూడా చేశారు. 1970ల మొదట్లో హెరాల్డ్ పోయి దాని చోట గెజెల్ వచ్చింది. అదీ పోయింది. 1985లో ‘స్టాండర్డ్ 2000’ అనే పెద్ద కారు తెచ్చారు, ఇంగ్లండులోని రోవర్ బండికి అనుకరణ అది. అది నిలవలేదు, 1980ల చివరికి కార్ఖానా మూతపడ్డది. మిగిలిన రోవర్ విడిభాగాల నిల్వనంతా రిమ్మర్ బ్రదర్స్ అనే బ్రిటిష్ విడిభాగాల సంస్థ కొని ఓడలో ఇంగ్లండుకు పట్టుకుపోయింది. పుట్టింటి సామాను అత్తింటినుంచి మళ్ళీ పుట్టింటికే చేరినట్టు! ఇక్కడి పాత బండ్లవాళ్ళు ఇప్పుడు విడిభాగాలకోసం ఆ దేశంవైపే చూస్తున్నారు.

హెరాల్డ్‌కు ఒక తమ్ముడున్నాడు. అదే ఛాసిస్‌ను కురచచేసి, దానిమీద రెండు సీట్ల స్పోర్ట్సు కారు బాడీ పెట్టి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అని తెచ్చారు. రూపం గీసినదీ ఆ మిచెలోత్తియే. రెండవ ప్రపంచ యుద్ధంలో పేరుపడ్డ యుద్ధవిమానం పేరు పెట్టారు. 1980దాకా చేశారు. ఇప్పుడు ప్రపంచమంతటా స్పిట్‌ఫైర్‌ను ముద్దుచేసేవాళ్ళు వున్నారు గనక దాని సామాను దొరుకుతుంది. అన్నగారిని అడిగేవాళ్ళు తక్కువ. మన లెక్చరరుగారి కష్టాలు ఇక్కడే మొదలయినాయి.

మొదటి యత్నం మన వాళ్ళందరూ చేసేదే. పాత రబ్బరు ముక్క చేతపట్టుకుని ఒక దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు దానిని చూసి, పెదవి విరిచి, మీటర్ల లెక్కన అమ్మే చుట్టలోంచి ఒకటి తెంపి, “ఇది అన్ని బండ్లకూ సరిపోతుంది సార్” అన్నాడు. అన్నిటికీ సరిపోయేదేదీ దేనికీ సరిపోదన్న సంగతి ఇంట్లో దర్జీ కుట్టిన స్కూలు బట్టలు వేసుకున్న ప్రతి పిల్లవాడికీ తెలుసు. వేయించారు. చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతూ బ్రహ్మాండంగా వున్నది. చుక్క నీరు రాలేదు. కాని తలుపు పడలేదు. పడాలంటే భుజంతో కుమ్మాలి. తెరవాలంటే రెండు చేతులతో లాగాలి. ఆ సాయంత్రం తల్లి వచ్చి తలుపు లాగి చూసి, “గింత బిర్రుగ పట్టుకున్నదేందిరా బిడ్డా! నేనిగ కూసునుడు బందేనా?” అన్నది. మరునాడే ఆ రబ్బరు పీకేశారు. పీకకపోతే ఏమయ్యేదో ఆ ఫిజిక్సు మనిషికి వేరే చెప్పనక్కరలేదు. రోజూ అట్లా కుమ్మితే లోపలి లాచీ అరుగుతుంది, కీళ్ళు సాగుతాయి, తలుపు వేలాడుతుంది. అప్పుడు ఏ రబ్బరు వేసినా సరిపడదు.

రెండవ యత్నం దానికి పూర్తిగా ఎదురు. ఖర్చుకు వెనుదీయక ఇంగ్లండునుంచి తెప్పించారు. హెరాల్డ్ పేరున మద్రాసు బండికి ప్రత్యేకంగా ఏమీ కనపడలేదు. స్పిట్‌ఫైర్ రబ్బర్లు జతకట్టి అమ్ముతున్నారు. ఒకే వంశం కదా, ఒకే ఛాసిస్ కదా, సరిపోకేం అని ఒక శ్రేయోభిలాషి ధైర్యం చెప్పాడు. వచ్చిన సరుకు మేలైనదే. కాని స్పిట్‌ఫైర్ ముందు వెనుక చక్రాల మధ్య దూరం 83 అంగుళాలు. హెరాల్డ్‌కు 91 న్నర. తలుపు వేరు, తలుపు వంపు వేరు, సందు వేరు. అన్నదమ్ముల చొక్కాలే ఒకరివి ఒకరికి పట్టవు. ముక్క పొడుగు చాలలేదు, మూలలో వంపు తిరగలేదు. శ్రేయోభిలాషి ఆపైన కనబడలేదు.

డబ్బూ పోయింది, వైశాఖమూ పోయింది. అప్పుడాయన పేర్లు వెతకడం మానేసి కొలతలు తీయడం మొదలుపెట్టారు. ఇక్కడినుంచి చెప్పేది పాత బండి వున్న ప్రతి ఇంటికీ పనికివస్తుంది. ఆ బండి అంబాసిడరైనా, పద్మినీ అయినా సరే.

ముందు రబ్బరు స్వభావం తెలుసుకోవాలి. చెట్టుపాలతో చేసిన పచ్చి రబ్బరు ఎండకు కరుగుతుంది, చలికి బిగుస్తుంది. దానిలో గంధకం కలిపి కాచితే నిలకడ వస్తుందని చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికావాడు 1839లో కనుక్కున్నాడు. అప్పటినుంచే రబ్బరు పనికివచ్చే వస్తువయింది. కాని గాలిలో ఓజోను అనే వాయువు కొద్దిగా వుంటుంది. సహజమైన రబ్బరు అణువుల గొలుసులో కొన్ని జంట ముడులుంటాయి. ఓజోను వచ్చి సరిగ్గా ఆ ముళ్ళనే కొరుకుతుంది. వంచి, సాగదీసి వుంచిన చోట ముందుగా పగులుతుంది. పాత కారు రబ్బరు మూలల దగ్గర బీటలు వారడానికి కారణం ఇదే. ఎండ దానికి తోడు. 1960 దశకంలో ఇ.పి.డి.ఎం. అనే కృత్రిమ రబ్బరు వాడకంలోకి వచ్చింది. దాని ప్రధానమైన గొలుసులో ఆ జంట ముడులు లేవు గనక ఎండకూ, ఓజోనుకూ ఓర్చుకుంటుంది. కాబట్టి పాత బండికైనా కొత్త రబ్బరు ఆ రకందే అడిగి తీసుకోవాలి. ఆకారం పాతది, పదార్థం కొత్తది. చూసేవారికి తేడా తెలియదు, వానకు తెలుస్తుంది.

దుకాణంలో నిలబడి చేయదగిన పరీక్షలు రెండున్నాయి. ఒకటి: గోటితో నొక్కి వదలండి. వెంటనే పొంగి పూర్వరూపానికి రావాలి. గుంట అట్లాగే నిలిస్తే, ఆరునెలల్లో అది తలుపు ఒత్తిడికి అణిగిపోయి లేవదని అర్థం. రెండు: స్పాంజివంటి మెత్తని రబ్బరైతే, చిన్న ముక్కను గ్లాసెడు నీళ్ళలో ముంచి, నీళ్ళలోనే పిసికి, బయటికి తీసి మళ్ళీ పిండండి. నీరు కారితే అది వద్దు. దాని లోపలి గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని వున్నాయన్నమాట. వానను ఆపదు, తాగుతుంది. తాగినదాన్ని రేకు అంచుకు పట్టించి తుప్పును పెంచుతుంది. గదులు దేనికది మూసివున్న స్పాంజి నీరు పీల్చదు.

ఇక కొలత. పాత రబ్బరును కొలిచి దానిని బట్టి కొత్తది కొనడం పొరపాటు. అది యాభయ్యేళ్ళు నలిగి, చిక్కి, ఎండిపోయిన శరీరం. తాతగారి ఇప్పటి నడుము కొలిచి పెళ్ళినాటి కోటు కుట్టించినట్టవుతుంది. అయితే ఏదో ఒక మూల, సీటు వెనక తివాసీ కిందనో, తలుపు తాకని చోటనో, రెండంగుళాల ముక్క నలగకుండా మిగిలి వుంటుంది. దానిని వెతకాలి. దొరికితే పదునైన బ్లేడుతో బెండకాయ చక్రంలాగా అడ్డంగా కోయాలి. చిన్నప్పుడు బెండకాయ ముక్కను సిరాలో ముంచి కాగితంమీద పువ్వులు అచ్చువేసిన జ్ఞాపకం వున్నదిగదా! ఆ విద్యే ఇక్కడ పనికివస్తుంది. సిరా అద్ది అచ్చువేస్తే రబ్బరు అడ్డకోత రూపం యథాతథంగా పడుతుంది: రేకును కరిచే నోరెంత, ఆ నోటి లోపల ఇనపతీగె వున్నదా లేదా, పక్కన బోలుగా వుండే బుడగ గుండ్రమా, సగం గుండ్రమా, దాని ఎత్తు ఎంత అన్నీ తెలుస్తాయి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపితే చెన్నైలోని దుకాణదారుకైనా, లండనులోని దుకాణదారుకైనా ఒకే భాష.

తరవాత సందును కొలవాలి. దీనికి లెక్చరరుగారు వంటింటికే వెళ్ళారు. చపాతీ పిండిని ఉసిరికాయంత ఉండలు చేసి, పల్చని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, రబ్బరు లేకుండా రేకు అంచు చుట్టూ పది పన్నెండు చోట్ల అంటించి, తలుపు మెల్లిగా మూసి తెరిచారు. ఒక్కొక్క ఉండా అక్కడి సందు ఎంతో అంత మందాన అణిగింది. కొలిస్తే పైన ఒక లెక్క, కింద ఒక లెక్క. ముందువైపు కీళ్ళ దగ్గర పలచన, వెనక తాళం దగ్గర దాదాపు రెట్టింపు. అంటే ఏమిటన్నమాట? తలుపే సరిగ్గా కూర్చోవడం లేదు. తలుపు చివర పట్టుకుని పైకెత్తి చూస్తే కీళ్ళలో టకటకమని ఆట. ముందు కీళ్ళ పిన్నులు మార్పించి, తాళం పట్టే కొక్కేన్ని జరిపి, తలుపును చుట్టూ ఒకే తీరున నిలబెట్టారు. మళ్ళీ పిండి ఉండలు. ఈసారి లెక్కలు దగ్గరికి వచ్చాయి. ఈ వరస తప్పకూడదు. వంకర తలుపుకు రబ్బరు వేయడం, తప్పు వాక్యానికి విరామచిహ్నాలు పెట్టడం ఒకటే.

రబ్బరు బుడగ ఎత్తు సందుకంటె ఎక్కువుండాలి. తలుపు పడ్డప్పుడు సుమారు మూడోవంతు అణగాలి. అంతకు మించితే భుజం అవసరమవుతుంది. తగ్గితే గొడుగు అవసరమవుతుంది.

అడ్డకోత అచ్చు, సందుల లెక్కలు జేబులో పెట్టుకుని ఆయన మళ్ళీ బయలుదేరారు. కంటికి కనిపించే పట్టీ వేరు, కనిపించనిది వేరు అని అప్పటికి తెలిసింది. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి లోపలివైపు రేకు అంచుమీద సీటు రంగుకు జతగా నూలుగుడ్డ తొడిగిన పట్టీ ఒకటి వుంటుంది. అది అలంకారానికీ, గాలి ఆపడానికీ. నీరు ఆపే అసలు రబ్బరు వేరే. గుడ్డపట్టీ ఇక్కడ దొరకలేదు. పాత కారు సామానుకు పేరుపడ్డ చెన్నై పుదుపేటలోనూ దొరకలేదు. దానిని హెరాల్డ్ పేరునే విదేశంనుంచి తెప్పించారు. నీరు ఆపే రబ్బరుకు మాత్రం ఆటోనగర్‌లో ఒక ముసలి మెకానిక్ ఆ సిరా అచ్చును వెలుతురుకు పట్టి చూసి, “సార్, దీని పేరు నాకు తెల్వదు గని దీని మొకం నాకెరుకే” అన్నాడట. వెనక అటకమీంచి వేరే ఏదో బండికి తెచ్చిన రబ్బరు చుట్ట దించాడు. అచ్చుమీద పెడితే రేఖకు రేఖ సరిపోయింది. గోటి పరీక్షకు నిలిచింది. నీటి పరీక్షకు నిలిచింది. ఖర్చు? విదేశీ సరుకుకు తపాలాకే అయిన సొమ్ములో నాలుగోవంతు కాలేదు.

ఇక్కడ నాకు తోచే మాట ఒకటుంది. సరైనది అంటే ఏమిటి? ఒకే కార్ఖానా ముద్ర వున్నదా? ఒకే వంశంలో పుట్టినదా? స్పిట్‌ఫైర్ రబ్బరు సొంత తమ్ముడిదే, అయినా పట్టలేదు. పేరూ ఊరూ తెలియని రబ్బరు పట్టింది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు మనవాళ్ళు. సందు చూసి సంధి చేయమన్నారనుకోండి. అయితే కంటికి కనపడే చోట మాత్రం ఆ కాలపు గుడ్డపట్టీయే కావాలనడంలో కూడా న్యాయం వుంది. పని చేసే చోట గుణం ముఖ్యం, జ్ఞాపకం వుండే చోట రూపం ముఖ్యం. రెండింటినీ కలగలిపితే రెండూ చెడతాయి.

బిగించడంలోనూ ఒక పద్ధతి వున్నది. రేకు అంచును గీకి, తుప్పు తీసి, రంగు పూసి ఆరబెట్టాలి. అడుగున గడప మధ్యనుంచి మొదలుపెట్టి, రబ్బరును ఎక్కడా సాగదీయకుండా, మూలల దగ్గర కాస్త లోపలికి నెడుతూ చుట్టూ తొడగాలి. సాగదీసి తొడిగిన రబ్బరు వారం తిరిగేలోగా తన పొడుగుకు తాను ముడుచుకుని చివర సందు చూపిస్తుంది. చివరలను ఒక రోజు ఆగి కోయాలి. అతుకు ఎప్పుడూ అడుగునే రావాలి. పైన వస్తే ప్రతి వానకూ అదొక తూము. ఇంజను నూనె, గ్రీజు దాని దరిదాపులకు రానివ్వకూడదు. కిర్రుమంటే ముఖానికి వేసుకునే పౌడరు అద్దితే చాలు.

అంతా అయింది. పరీక్షకు పైపుతో నీళ్ళు కొట్టారు, కిందనుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి. లోపల టార్చిలైటుతో కొడుకును కూర్చోబెట్టారు. పాదాల దగ్గర మళ్ళీ తడి!

మరొకరైతే ఆ రబ్బరును కూడా పీకేవారే. ఈయన పీకలేదు. తలుపు మూసి, దాని చుట్టూ కాగితం ముక్కలు ఇరికించి లాగి చూశారు. అన్నిచోట్లా ఒకే బిగువుతో వచ్చాయి. రబ్బరుకు దోషం లేదు. మరి నీరెక్కడిది? తలుపు లోపలి అట్ట విప్పితే తెలిసింది. అద్దం దిగే సందులోంచి తలుపు కడుపులోకి నీరు దిగడం ఏ కారుకైనా సహజమే. ఆ నీరు తలుపు అడుగునున్న చిన్న కన్నాలలోంచి రోడ్డుమీదికి పోవాలి. అట్టకు నీరు తగలకుండా వెనక ఒక ప్లాస్టిక్ కాగితం అంటించి వుంటుంది. ఎప్పుడో ఏ మెకానిక్కో అద్దం బాగుచేస్తూ ఆ కాగితం చించి పారేశాడు. కన్నాలలో యాభయ్యేళ్ళ మట్టి గడ్డకట్టింది. నీరు దారిలేక అట్టలోంచి కారి లోపలి గడప దాటుతున్నది. ఇన్నాళ్ళూ అడుగురేకును తిన్న దొంగ ఇంట్లోనే వున్నాడు. శిక్ష మాత్రం ద్వారపాలకుడికి పడుతూ వచ్చింది. పుల్లతో కన్నాలు పొడిచి, పది రూపాయల ప్లాస్టిక్ కాగితం అంటించారు. రెండోసారి నీళ్ళు కొడితే కొడుకు లోపల హాయిగా పుస్తకం చదువుకున్నాడు.

ఆ పైన వచ్చింది అసలు పరీక్ష. శ్రావణంలో నాలుగురోజులు తెరిపి లేకుండా వాన పడింది. అయిదోనాడు అన్నదమ్ములు ముగ్గురూ కారు చుట్టూ చేరి తివాసీ ఎత్తి చూశారు. పొడి. పెద్దాయన అరచేయి పెట్టి మరీ చూశాడట. తల్లి వచ్చి ఒంటిచేత్తో తలుపు తీసి, లోపల కూర్చుని, మెల్లిగా లాక్కున్నది. టక్కుమని పడ్డది. తూకం మాట ఆపైన ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు వాళ్ళ ముందు మరొక ప్రశ్న వున్నది. 2021లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలలో వింటేజి బండ్లకు వేరే రిజిస్ట్రేషను ఏర్పాటుచేసింది. యాభయ్యేళ్ళు దాటి, ఛాసిస్సూ బాడీ ఇంజనూ మారకుండా పుట్టినప్పటి రూపంలోనే వున్న సొంత బండ్లకు ‘వి.ఎ.’ అనే అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. గౌరవమే. కాని ఆ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ, పెట్రోలుకూ తప్ప రోజువారీగా రోడ్డుమీదికి తీసుకురాకూడదు. మామూలు రిజిస్ట్రేషనే కావాలంటే అయిదేళ్ళకొకసారి పరీక్షకు పెట్టి పొడిగించుకోవాలి. లెక్చరరుగారు రెండోదానికే మొగ్గారు. అమ్మను శనివారం గుడికి తీసుకుపోవడం ప్రదర్శన కిందికి వస్తుందో రాదో చెప్పే నియమం ఎక్కడా లేదని ఆయన వాదం.

మీ ఇంట్లోనూ ఒక పాత బండి వుండవచ్చు. బండి కాకపోతే రిఫ్రిజరేటరు వుంటుంది. దాని తలుపుకూ ఇటువంటి రబ్బరే. ఒక కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగి చూడండి. పట్టు లేకుండా జారివస్తే కరెంటు బిల్లు ఎందుకు పెరుగుతున్నదో తెలుస్తుంది. కొత్త రబ్బరుకు పరుగెత్తేముందు, తలుపు నిటారుగా వున్నదా, నీరు పోయే కన్నం మూసుకున్నదా అని కూడా చూడండి. అప్పుడు కొనండి. కొనేటప్పుడు పేరు చెప్పకండి, కొలత చూపండి.

మంచి సంధి జరిగిన చోట రెండు మాటలున్నాయని వినేవాడికి తట్టనే తట్టదు. మంచి రబ్బరూ అంతే. అది వున్నదని మీకు గుర్తురాకపోవడమే దానికి మీరిచ్చే మెప్పు.